పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడమేనా? తిండికీ, మనిషికీ, లైటుకూ కూడా వాడతారేంది?

సిక్యాంపు పిల్లోడు, కర్నూలు

అందరికీ నమస్కారం. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. ఇంగ్లిషులో మిగతావి ఎట్లో నెట్టుకొస్తున్నా గానీ ఈ ఫ్రేజల్ వెర్బుల (క్రియకు ఆఫ్, అప్ లాంటి చిన్న మాట తగిలి అర్థం మారేవి) దగ్గరే మార్కులు పోతున్నాయి. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం అని గైడులో ఉంటే అదే పట్టుకున్నా. మాక్ టెస్టులో ఈ వాక్యం వచ్చింది:

"ద స్మెల్ ఆఫ్ కెరొసిన్ పుట్ మి ఆఫ్ మై ఫుడ్."

వాయిదా అని పెట్టుకుని చదివితే కిరసనాయిలు వాసన నన్ను అన్నం మీద నుంచి వాయిదా వేసింది అని వస్తాంది! కీలో వేరే అర్థం ఇచ్చినారు, ఎందుకో చెప్పలేదు.

ఇంకొన్ని అనుమానాలు కూడా ఒకేసారి అడిగేస్తా. "దే పుట్ ఆఫ్ టు కండక్ట్ ద మీటింగ్" అనేదాంట్లో తప్పు ఎక్కడ? "పుట్ ఆఫ్ ద మీటింగ్" ఒప్పయినప్పుడు "పుట్ ఆఫ్ ఇట్" ఎందుకు తప్పయింది? హాస్టల్లో "ప్లీజ్ పుట్ ఆఫ్ ద లైట్స్" అని బోర్డు ఉంది, అది సరైన ఇంగ్లిషేనా? చివరగా, కాల్ ఆఫ్, పోస్ట్‌పోన్, డిలే, ఇవన్నీ ఒకటేనా, ఎక్కడ ఏది వాడాల? తెలిసినోళ్లు ఉదాహరణలతో చెప్పండి సార్.

టవర్‌క్లాక్ మాస్టారు, అనంతపురం

నాయనా, అర్థాల పట్టిక బట్టీ పట్టొద్దు. పుట్ ఆఫ్ కనపడగానే ఒకటే చూడు: దేన్ని పుట్ ఆఫ్ చేస్తున్నారు? పనినా, మనిషినా, స్విచ్చు ఉన్న వస్తువునా? అది తేలితే అర్థం దానంతటదే తేలుతుంది.

పని అయితే వాయిదా. మీటింగు, పరీక్ష, పెళ్లి, వేలం, ఆపరేషను, నిర్ణయం, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మన జిల్లా వాక్యమే తీసుకో:

"ద ఫార్మర్స్ పుట్ ఆఫ్ సోయింగ్ గ్రౌండ్‌నట్ అంటిల్ ఇట్ రెయిన్డ్."

వాన పడేదాకా శెనక్కాయ విత్తడం ఆపుకున్నారు అని. ఈ ఒక్క వాక్యంలో పరీక్షలో అడిగేవి రెండు ఉన్నాయి. మొదటిది సోయింగ్. పుట్ ఆఫ్ తర్వాత క్రియ వస్తే ఇంగ్ రూపమే రావాల, టు రాకూడదు. నువ్వడిగిన "పుట్ ఆఫ్ టు కండక్ట్" లో తప్పు అక్కడే ఉంది, "పుట్ ఆఫ్ కండక్టింగ్ ద మీటింగ్" అనాల. మనం కూడా "విత్తడం వాయిదా వేసినారు" అంటాం గానీ "విత్తడానికి వాయిదా వేసినారు" అనం కదా. విత్తడం అనేది నామవాచకం మాదిరి నిలబడుతుంది, సోయింగ్ కూడా అంతే. పోస్ట్‌పోన్, డిలే, అవాయిడ్, ఫినిష్ కూడా ఇదే దారిలో పోతాయి. అయితే ఈ "-డం" కిటుకును అన్ని క్రియలకూ తగిలించొద్దు, వాంట్, డిసైడ్ లాంటివి టు నే అడుగుతాయి.

రెండోది అంటిల్ తర్వాతి కాలం. జరిగిపోయిన సంగతి కాబట్టి పైన రెయిన్డ్ వచ్చింది. అదే రేపటి సంగతి చెప్తే "దే విల్ పుట్ ఆఫ్ సోయింగ్ అంటిల్ ఇట్ రెయిన్స్" అవుతుంది. "అంటిల్ ఇట్ విల్ రెయిన్" అని రాస్తే మార్కు పోయినట్టే. అంటిల్, వెన్, బిఫోర్, ఆఫ్టర్ లాంటివి కాలాన్ని చెప్పేటప్పుడు వాటి వెనక విల్ రాదు, రేపటి సంగతికి కూడా ప్రెజెంటే చాలు. తెలుగులో వాన పడేదాకా అంటాం గానీ పడబోయేదాకా అనం, దాన్ని గుర్తు పెట్టుకో.

ఇక ఇట్ ఎక్కడ పెట్టాలనేది. నామవాచకం అయితే రెండు చోట్లా కూర్చుంటుంది, "పుట్ ఆఫ్ ద మీటింగ్", "పుట్ ద మీటింగ్ ఆఫ్", రెండూ ఒప్పే. సర్వనామం అయితే మధ్యలోనే: "పుట్ ఇట్ ఆఫ్", "పుట్ దెమ్ ఆఫ్", "పుట్ హిమ్ ఆఫ్". దీనికి కారణం ఉంది. ఇంగ్లిషు వాక్యంలో కొత్త సంగతి, నొక్కి పలికే మాట చివరికి పోతుంది. ఇట్ అంటే ముందే చెప్పుకున్న సంగతి, దాన్ని ఎవరూ నొక్కి పలకరు. అందుకే చివరి చోటు ఆఫ్‌కు వదిలి అది మధ్యలో దూరుతుంది. ఇదే కారణానికి, కర్మ పొడుగైతే ఆఫ్ తర్వాతే పెట్టాల. "పుట్ ఆఫ్ ద ఆక్షన్ ఆఫ్ ఆనియన్స్ అట్ ద కర్నూల్ మార్కెట్ యార్డ్" అని రాస్తే చదవొచ్చు. పుట్ పక్కనున్న ఆఫ్‌ను తీసుకుపోయి యార్డ్ తర్వాత పెడితే, చదివేవాడు అక్కడికి చేరేసరికి మొదట్లోని పుట్‌ను మరిచిపోతాడు. ఇంగ్ రూపం ఎప్పుడూ ఆఫ్ తర్వాతే, మధ్యలోకి రాదు.

ఇప్పుడు మనిషి సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే. మనిషిని పుట్ ఆఫ్ చేస్తే ఏమవుతుందో ఆ తర్వాత ఏం వచ్చిందో చూసి చెప్పాల.

ఆఫ్ తర్వాత ఒక వస్తువో పనో ఉంటే, దాని మీద ఇష్టం పోయిందని. నీ కిరసనాయిలు వాక్యం ఇదే: ఆ వాసనకు అన్నం సహించలేదు. "ద ఫీజ్ పుట్ హిమ్ ఆఫ్ జాయినింగ్ ద కోర్స్" అంటే ఫీజు చూసి కోర్సులో చేరే ఉత్సాహం చచ్చిపోయింది. ఇక్కడ మనవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది "పుట్ హిమ్ ఆఫ్ ఫ్రమ్ జాయినింగ్" అని రాస్తారు. ఫ్రమ్ అక్కరలేదు. ఈ వాక్యంలో ఆఫ్ అనేదే "మీద నుంచి" పని చేస్తాంది, ఇంకో ఫ్రమ్ పెడితే విభక్తి రెండుసార్లు పెట్టినట్టు. డిస్కరేజ్, ప్రివెంట్ వాడితే మాత్రం ఫ్రమ్ కావాల.

ఆఫ్ తర్వాత విత్ గానీ, టిల్ గానీ, లేదా కీప్ అనే మాట ముందు గానీ ఉంటే, తిప్పించుకోవడం అని. "హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్": రేపు రా మాపు రా అని తిప్పుతాన్నాడు. బాకీ ఉన్నోడు, టైలరు, సంతకం పెట్టాల్సిన గుమాస్తా, ఎవరికైనా సరిపోతుంది. "హి పుట్ మి ఆఫ్ విత్ ఎ ప్రామిస్" అంటే ఏదో మాట చెప్పి పంపించేసినాడు. ఇంటికి వస్తామన్న చుట్టాలను ఇప్పుడు రావొద్దు, ఆదివారం రండి అంటే కూడా ఇదే: "వి హ్యాడ్ టు పుట్ అవర్ గెస్ట్స్ ఆఫ్ టిల్ సండే."

వెనక ఏమీ లేకుండా, మనిషి ఏదో పనిలో ఉన్నప్పుడు అంటే, ధ్యాస చెడగొట్టడం. "స్టాప్ హమ్మింగ్, యు ఆర్ పుటింగ్ మి ఆఫ్." ఆ కూనిరాగం ఆపు, లెక్క తప్పుతాంది అని. ఇది ఎక్కువగా బ్రిటిష్ వాడుక, అమెరికా వాళ్లు డిస్ట్రాక్ట్ అనో త్రో ఆఫ్ అనో అంటారు.

బస్సు సంగతి కూడా ఉంది. "ప్లీజ్ పుట్ మి ఆఫ్ అట్ సి క్యాంప్" అంటే సి క్యాంపులో దింపండి అని కండక్టరుతో చెప్పడం. "ద కండక్టర్ పుట్ హిమ్ ఆఫ్ ద బస్" అంటే మాత్రం మర్యాదగా దింపినట్టు కాకపోవచ్చు, టికెట్టు లేదని దించేసి ఉండొచ్చు. పరీక్షల్లో దీన్ని అరుదుగా అడుగుతారు.

ఇంకొకటి మరిచినా. పుట్ మూడు రూపాల్లోనూ పుట్టే, పుటెడ్ అనేది లేదు. "హి పుట్ ఇట్ ఆఫ్" లో ఎస్ లేదు కాబట్టి అది కచ్చితంగా జరిగిపోయిన సంగతి. ఎర్రర్ స్పాటింగులో (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో) "హి పుట్" చూసి ఎస్ పడిపోయిందని తొందరపడి గుర్తు పెట్టొద్దు, వాక్యంలో యెస్టర్డే లాంటి మాట ఉందేమో చూడు.

బురుజు నీడ, కర్నూలు

మాస్టారు బాగా చెప్పినారు. లైటు సంగతి వదిలేసినారు కాబట్టి నేను చెప్తా. లైటుకు పుట్ ఆఫ్ అనడం శుద్ధ తప్పు, తెలుగోళ్ల ఇంగ్లిషు అది. స్విచ్ ఆఫ్, టర్న్ ఆఫ్, ఈ రెండే ఒప్పు. హాస్టల్ బోర్డు మార్పించు తమ్ముడూ.

కడప డెస్కు

శుద్ధ తప్పు అనడానికి లేదన్నా. లైటుకు పుట్ ఆఫ్ అనడం బ్రిటిష్ ఇంగ్లిషులోనూ ఉంది, అక్కడి నిఘంటువులు ఆ అర్థాన్ని ఇస్తాయి. పుట్ ద లైట్ ఆన్, పుట్ ద లైట్ ఆఫ్, రెండూ ఇళ్లలో మాట్లాడుకునే మాటలే. మన దేశంలో దాన్ని లైటు దగ్గర ఆపకుండా ఫ్యానుకూ, టీవీకీ, బోరు మోటారుకూ పాకించేశారు, అదొక్కటే తేడా. అమెరికా వాళ్ల చెవికి మాత్రం వింతగానే ఉంటుంది. కాబట్టి రాసేటప్పుడు స్విచ్ ఆఫ్ లేదా టర్న్ ఆఫ్ రాయండి, ఎవరూ వేలెత్తి చూపరు. ఎర్రర్ స్పాటింగులో "పుట్ ఆఫ్ ద లైట్స్" కనపడితే మాత్రం అదే తప్పని మొదటే ఖాయం చేసుకోవద్దు, మిగతా భాగాల్లో ఇంతకన్నా గట్టి తప్పు ఉందేమో వెతకండి. హాస్టల్ బోర్డు ఉండనీ పాపం.

నిజంగా తప్పులు వేరే ఉన్నాయి. "ఆఫ్ ద లైట్", "ఆఫ్ ఇట్" అనేవి ఇంగ్లిషు కాదు. మనం "ఆఫ్ చెయ్యి" అంటాం కదా, అందులోంచి చెయ్యి తీసేస్తే ఇంగ్లిషు అయిపోతుందనుకుంటాం. ఆఫ్ ఒక్కటే ఆ పని చేయలేదు, ముందు టర్నో స్విచ్చో ఉండాలి. "క్లోజ్ ద ఫ్యాన్", "ఓపెన్ ద లైట్" కూడా ఇదే బాపతు.

మంట సంగతి ఇంకో మెలిక. దీపం ఆర్పు, మంట ఆర్పు, లైటార్పు, అన్నింటికీ మనకు ఒకే మాట ఉంది. ఇంగ్లిషులో మండేదాన్ని ఆర్పితే పుట్ అవుట్: "ద ఫైర్‌మెన్ పుట్ అవుట్ ద ఫైర్." దీపం, కొవ్వొత్తి, బీడీ, సిగరెట్టు అన్నీ పుట్ అవుటే. లైటుకు కూడా పుట్ అవుట్ చెల్లుతుంది, వెనకటి దీపాల రోజుల నుంచీ ఉన్న వాడుక. కానీ "పుట్ ఆఫ్ ద ఫైర్" మాత్రం ఎక్కడా చెల్లదు. గ్యాస్ స్టవ్వుకు టర్న్ ఆఫ్.

ఇప్పుడు కాల్ ఆఫ్, పోస్ట్‌పోన్ సంగతి. అనువాదం చేసేవాళ్లకు రోజూ తగిలే గొడవ ఇది. కాల్ ఆఫ్ అంటే రద్దు, మళ్లీ జరగదు. పుట్ ఆఫ్ అంటే ఇప్పుడు కాదు, తర్వాత. "ద స్ట్రైక్ వాజ్ కాల్డ్ ఆఫ్" అంటే సమ్మె విరమించారు, "ద స్ట్రైక్ వాజ్ పుట్ ఆఫ్" అంటే సమ్మె తేదీ జరిపారు. మొదటిదానికి వాయిదా అని శీర్షిక పెడితే వార్త తలకిందులైనట్టే.

పోస్ట్‌పోన్‌కూ పుట్ ఆఫ్‌కూ అర్థంలో తేడా లేదు, తూకంలోనే తేడా. పోస్ట్‌పోన్ లాటిన్ నుంచి వచ్చిన మాట, పోస్ట్ అంటే తర్వాత, పోనెరె అంటే పెట్టడం. నోటిఫికేషన్లోనూ ఆఫీసు ఉత్తరంలోనూ అదే బాగుంటుంది. స్నేహితుడికి మెసేజ్ పెట్టేటప్పుడు పుట్ ఆఫ్ సహజం. ఇంకో చిన్న సంగతి: చేయడానికి మనసు రాక, బద్ధకించి జరుపుకుంటూ పోయే పనికి పుట్ ఆఫే బాగా అతుకుతుంది. "ఐ కెప్ట్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్" లో కెప్ట్ పోస్ట్‌పోనింగ్ అని రాస్తే తప్పు కాదు గానీ బిగుసుకుపోయినట్టుంటుంది.

డిలే వేరు. పుట్ ఆఫ్ వెనక ఎవరో ఒకరి నిర్ణయం ఉంటుంది. డిలేకు నిర్ణయం ఉండొచ్చు, లేకపోవచ్చు. గుంతకల్లు దగ్గర సిగ్నల్ పడక రైలు ఆగితే "ద ట్రెయిన్ ఈజ్ డిలేడ్" అవుతుంది. ఆ రైలును ఎవరూ పుట్ ఆఫ్ చేయలేదు. అడ్జర్న్ అంటే మొదలైన సభనో విచారణనో మధ్యలో ఆపి మరోసారికి జరపడం, అసెంబ్లీకీ కోర్టుకీ వాడతాం. డిఫర్ ఆఫీసు కాగితాల మాట, చెల్లింపులకూ నిర్ణయాలకూ ఎక్కువ.

అసలు జాగ్రత్త పడాల్సింది తెలుగు వైపు. వాయిదా అన్న ప్రతిచోటా పుట్ ఆఫ్ రాదు. "రేపు కోర్టులో వాయిదా ఉంది" అంటే విచారణ తేదీ ఉందని, అది హియరింగ్. కేసు పుట్ ఆఫ్ అయిందని రాస్తే రేపు కోర్టుకు పోవాల్సిన మనిషి ఇంట్లో కూర్చుంటాడు. "వాయిదాల్లో కట్టాలి" అంటే ఇన్‌స్టాల్‌మెంట్లు. "కేసు వాయిదా పడింది" అన్నప్పుడు మాత్రమే అడ్జర్న్డ్ లేదా పుట్ ఆఫ్.

బై గురించి కూడా చెప్పాలి. "ద ఎగ్జామ్ వాజ్ పుట్ ఆఫ్ బై ద బోర్డ్" అంటే బోర్డు వాయిదా వేసింది. "పుట్ ఆఫ్ బై టు వీక్స్" అంటే 2 వారాలు జరిగింది. "ఐ వాజ్ పుట్ ఆఫ్ బై హిజ్ టోన్" అంటే అతను మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు. బై ఒకటే, చేసే పనులు మూడు. అందుకే వాన వల్ల మ్యాచ్ వాయిదా పడిందని రాయాలంటే పుట్ ఆఫ్ బై రెయిన్ అనకుండా "పుట్ ఆఫ్ బికాజ్ ఆఫ్ రెయిన్" అంటే తేటగా ఉంటుంది.

సిక్యాంపు పిల్లోడు, కర్నూలు

చాలా థ్యాంక్స్ మాస్టారూ, డెస్కు అన్నా. రెండు సందేహాలు. పుట్ ఆఫ్‌కు వ్యతిరేకం పుట్ ఫార్వర్డ్ అనుకోవచ్చా? ముందుకు జరపడం కదా. ప్రీపోన్ రాస్తే మార్కు పోతుందా? ఇంకా, ఆఫ్-పుటింగ్ అని ఒక ప్యాసేజిలో చూసినా, అది వాయిదా పడినది అని అర్థమా?

కడప డెస్కు

పుట్ ఫార్వర్డ్ అనగానే ముందు తట్టేది ప్రతిపాదించడం: "షి పుట్ ఫార్వర్డ్ ఎ ప్లాన్." గడియారం ముల్లును ముందుకు తిప్పినా అదే. తేదీకి బ్రింగ్ ఫార్వర్డ్ రాయి, అనుమానం ఉండదు: "ద మీటింగ్ హ్యాజ్ బీన్ బ్రాట్ ఫార్వర్డ్ టు ఫ్రైడే." సోమవారం ఉన్నది అంతకుముందు శుక్రవారానికే జరిగింది అని. ప్రీపోన్ మన దేశంలో అందరికీ తెలుసు, కొన్ని పెద్ద నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది, భారతీయ ఇంగ్లిషు అని గుర్తు వేసి ఇస్తారు. ఇక్కడి ఆఫీసులో వాడితే ఎవరూ ఏమీ అనరు. పరీక్షలో, విదేశీ కంపెనీకి రాసే మెయిల్లో బ్రింగ్ ఫార్వర్డ్ మేలు.

పుట్ బ్యాక్ అనేది కూడా వాయిదాయే, బ్రిటిష్ వాళ్లు బాగా వాడతారు. ఆఫీసుల్లో ఇప్పుడు పుష్ బ్యాక్ ఎక్కువగా వినపడుతోంది. ఫార్వర్డ్ అంటే దగ్గరికి, బ్యాక్ అంటే దూరానికి అని పెట్టుకో. "వెనక్కి జరిపారు" అనే తెలుగు మాటతో ముడి పెట్టొద్దు, మనలో కొందరు దాన్ని ముందు తేదీకి కూడా వాడతారు.

ఆఫ్-పుటింగ్ విశేషణం. ఇష్టం చెడగొట్టేది, చూడగానే దూరం జరగాలనిపించేది. "యాన్ ఆఫ్-పుటింగ్ స్మెల్", "హిజ్ మ్యానర్ ఈజ్ ఆఫ్-పుటింగ్." మాస్టారు చెప్పిన ఇష్టం పోయే అర్థానికీ, ధ్యాస చెడే అర్థానికీ మాత్రమే ఇది పుట్టింది. వాయిదా అర్థానికి రాదు, ఆఫ్-పుటింగ్ ఎగ్జామ్ అంటే వాయిదా పడిన పరీక్ష కాదు. దానికి పోస్ట్‌పోన్డ్ ఎగ్జామ్ అనాల్సిందే. నామవాచకం కావాలన్నా పోస్ట్‌పోన్‌మెంటే దిక్కు.

పెన్న ఒడ్డు, ప్రొద్దుటూరు

పలకడం గురించి ఎవరూ చెప్పలేదు. ఇంటర్వ్యూకు పోయేవాళ్లకు పనికొస్తుంది. మనం పుట్, ఆఫ్ రెండింటినీ సమానంగా కొడతాం. ఇంగ్లిషులో ఒత్తు ఆఫ్ మీద పడాలి, ముఖ్యంగా అది చివర్లో ఉన్నప్పుడు. పుట్ ఇట్ ఆఫ్ ను మూడు ముక్కలుగా కాకుండా పుటిటాఫ్ అని ఒకే ఊపులో, చివర గట్టిగా అనండి. మధ్యలో ఇట్ దాదాపు వినపడకుండా పోవాలి. మాస్టారు చెప్పిన సర్వనామం సూత్రం నోటికి పట్టించడానికి ఇదే దగ్గరి దారి. పుటిటాఫ్ అలవాటైన నోరు పుట్ ఆఫ్ ఇట్ అనడానికి మొరాయిస్తుంది. టేకిటాఫ్, టర్నిటాఫ్, కాలిటాఫ్ కూడా కలిపి రోజూ నాలుగుసార్లు పైకి అనుకోండి. ఇంకోటి, పుట్టాఫ్ అని ట కు వత్తు పెట్టకండి, తెలుగు పుట్టలాగా వినపడుతుంది.

సిక్యాంపు పిల్లోడు, కర్నూలు

సొంతంగా 5 వాక్యాలు రాసినా. దిద్దండి.

1. ద కలెక్టర్ హ్యాజ్ పుట్ ఆఫ్ ద మండే గ్రీవెన్స్ టిల్ నెక్స్ట్ వీక్.
2. హిజ్ షౌటింగ్ పుట్ మి ఆఫ్ ఫ్రమ్ ఆస్కింగ్ డౌట్స్.
3. ద షాప్‌కీపర్ ఈజ్ పుటింగ్ ఆఫ్ మి సిన్స్ టు మంత్స్.
4. ప్లీజ్ పుట్ ఆఫ్ యువర్ చప్పల్స్ అవుట్‌సైడ్ ద టెంపుల్.
5. ఐ కెనాట్ పుట్ ఆఫ్ టేకింగ్ ఎ డెసిషన్ ఎనీ లాంగర్.

పుట్ అప్ విత్ కూడా ఇట్లే విడదీయొచ్చా?

టవర్‌క్లాక్ మాస్టారు, అనంతపురం

1 బాగుంది. వార్తలో రాసేదైతే గ్రీవెన్స్ ఒక్కటే వదలకుండా గ్రీవెన్స్ మీటింగ్ అను. గ్రీవెన్స్ అంటే ఫిర్యాదు, మన కలెక్టరాఫీసు వాడుక బయటివాళ్లకు తెలియదు.

2లో ఫ్రమ్ తీసెయ్. చెప్పినా మళ్లీ వచ్చింది చూడు, "నుంచి" అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆస్కింగ్ డౌట్స్ కూడా మన దగ్గరే చెల్లుతుంది, ఆస్కింగ్ క్వశ్చన్స్ అను. "హిజ్ షౌటింగ్ పుట్ మి ఆఫ్ ఆస్కింగ్ క్వశ్చన్స్."

3లో తప్పులు మూడు. మి మధ్యలోకి రావాల. 2 నెలలు అనేది వ్యవధి, దానికి ఫర్. సిన్స్ పెట్టాలంటే జూన్ అనో, పండగ అనో మొదలైన చోటు చెప్పాల. అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగుతున్నది కాబట్టి ఈజ్ పుటింగ్ చాలదు, హ్యాజ్ బీన్ పుటింగ్ కావాల. "ద షాప్‌కీపర్ హ్యాజ్ బీన్ పుటింగ్ మి ఆఫ్ ఫర్ టు మంత్స్." ఎర్రర్ స్పాటింగులో ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పకుండా తగులుతుంది, కాబట్టి ఈ వాక్యం నోటుబుక్కులో రాసి పెట్టుకో.

4కు చెప్పులైనా చొక్కా అయినా ఇప్పుడు టేక్ ఆఫే. పుట్ ఆఫ్‌కు విప్పడం అనే అర్థం పాతకాలపు ఇంగ్లిషులో ఉండేది, పాత బైబిలు అనువాదాల్లో కనపడుతుంది. పుట్ ఆన్ అంటే తొడుక్కోవడం కాబట్టి పుట్ ఆఫ్ అంటే విప్పడం అయి ఉంటుందని లెక్క వేసినట్టున్నావు, ఇప్పటి వాడుకలో ఆ లెక్క పారదు. ఆన్‌కు పుట్, ఆఫ్‌కు టేక్.

5 ఒప్పు. "ఐ కాంట్ పుట్ ఇట్ ఆఫ్ ఎనీ లాంగర్" అని సర్వనామంతో కూడా ఒకసారి రాసుకో.

పుట్ అప్ విత్ జాతే వేరు. భరించడం అని అర్థం. మూడు మాటలూ అతుక్కునే ఉంటాయి, మధ్యలో ఇసుక రేణువు కూడా దూరదు. విత్ విభక్తి కాబట్టి దాని కర్మ దాని వెనకే రావాల, సర్వనామమైనా సరే: "ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్." పుట్ ఇట్ అప్ విత్ అనేది లేదు. విత్ తీసేసి పుట్ ఇట్ అప్ అంటే బోర్డు తగిలించడమో, గోడ లేపడమో అవుతుంది. పుట్ హిమ్ అప్ అంటే రాత్రికి ఇంట్లో ఉండనివ్వడం. లుక్ ఫార్వర్డ్ టు, రన్ అవుట్ ఆఫ్, గెట్ అవే విత్, ఈ మూడు మాటల గుంపంతా ఇట్లే, సర్వనామం చివర్నే.